ఎండోమెట్రియోసిస్ గోలీలు: సైడ్ ఎఫెక్ట్స్ ఓర్చుకోవాలా, మానేయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి

దేవరకొండ టీచరమ్మ:

అందరికీ నమస్తే. నాకు 28 ఏళ్ళు, దేవరకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పెళ్ళై రెండేళ్ళు దాటింది, ఇంకా పిల్లలు లేరు. ఇంటర్ నుంచే నాకు పీరియడ్స్ అంటే భయం, మొదటి రెండు రోజులు మెఫ్టాల్ వేసుకుని ముడుచుకుని పడుకోవడమే, అమ్మేమో "పెళ్ళైతే అదే పోతది బిడ్డా" అనేది, పెళ్ళయ్యాక పోవడం అటుంచి ఇంకా పెరిగింది, మా ఆయనతో కలిసినప్పుడు కూడా లోపల గుచ్చినట్టు నొప్పి. చివరికి నల్లగొండలో స్కానింగ్ తీయిస్తే ఎడమ ఓవరీలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి ఉందన్నారు, హైదరాబాద్‌లో ఎమ్మారై తీసి ఎండోమెట్రియోసిస్ అని తేల్చారు, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బట. అక్కడి డాక్టరమ్మ డైనోజెస్ట్ అనే హార్మోన్ గోలీ, 2 మిల్లీగ్రాములది, రోజుకొకటి, నెల మధ్యలో ఆపకుండా వేసుకోమని రాశారు.

నొప్పి తగ్గింది, ఆ మాట ముందు చెప్పాలి. మొదట్లో పెద్దగా తేడా తెలియలేదు గానీ తర్వాత పొత్తికడుపులో ఆ మెలిపెట్టడం పోయింది, నెలనెలా సెలవు అడగడానికి ప్రిన్సిపాల్ ముందు నిలబడే బాధ పోయింది. కానీ స్పాటింగ్ ఆగడం లేదు. ఒకరోజు ఉంటుంది, రెండు రోజులు ఉండదు, మళ్ళీ గోధుమ రంగు మరక. మా అత్తమ్మకు పూజ గది పట్టింపు ఎక్కువ, మరక కనిపిస్తే బయట ఉన్నట్టే లెక్క, అంటే నేను నెలలో సగం రోజులు బయటే. దువ్వెన నిండా జుట్టు వస్తోంది, గడ్డం కింద మొటిమలు, బరువు కూడా కొంచెం పెరిగాను.

ఇవన్నీ ఒక ఎత్తు, మనసు ఒక ఎత్తు. మొన్న ఎనిమిదో తరగతిలో బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయాను, చాక్‌పీసు చేతిలోనే ఉంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, కారణం ఏమీ లేదు, పిల్లల వైపు తిరగలేక అలాగే గోడకేసి చూస్తూ నిలబడ్డాను. ఇంతకుముందు నేను ఇలా ఉండేదాన్ని కాదు.

పడకపోతే హార్మోన్లను అణిచే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఉందని డాక్టరమ్మ పోయినసారే చెప్పారు. మా వదిన ఎక్కడో చదివి "ఆ సూది వేసుకుంటే ఈ వయసులోనే ముట్లు ఆగిపోయినట్టు అయితది, ఎముకలు అరిగిపోతయి, వద్దు" అంటుంది. అత్తమ్మేమో ఈ గోలీలన్నీ పడేసి పిల్లలను కనమంటుంది, కాన్పైతే అన్నీ సర్దుకుంటాయట. మా ఆయన మంచివాడే గానీ "నీకెలా అనిపిస్తే అలా చెయ్" అంటాడు, నాకేమో ఎలా అనిపిస్తోందో నాకే తెలియడం లేదు. వాడినవాళ్ళు ఉంటే చెప్పండి, దేన్ని ఓర్చుకోవచ్చు, దేన్ని ఓర్చుకోకూడదు? నొప్పి తగ్గిందని ఇది పట్టుకుని ఉండాలా?

నల్లగొండ సిస్టర్:

చెల్లె, నేను స్టాఫ్ నర్సుని, గైనిక్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాను. డాక్టర్ని కాదు, మీ రిపోర్టులు చూడలేదు, కాబట్టి గోలీ మార్చమని, ఆపమని నేను చెప్పకూడదు. కానీ మీ డాక్టరమ్మ దగ్గర ఏం మాట్లాడాలో చెప్పగలను.

మొదట మనసు సంగతి. స్పాటింగ్, మొటిమలు, జుట్టు, ఇవి ఎంతవరకు ఓర్చుకుంటారన్నది మీ ఇష్టం. కారణం లేని ఏడుపు మాత్రం ఓర్చుకోవాల్సిన వాటిలో లేదు. డైనోజెస్ట్ డబ్బాలో మడతపెట్టి పెట్టే కాగితం ఎవరూ చదవరు, అందులో ఉంటుంది: వాడినవాళ్ళలో తలనొప్పి 9 శాతం మందికి, రొమ్ముల్లో సలుపు, మనసు కుంగడం, మొటిమలు ఒక్కొక్కటి 5 శాతానికి కాస్త పైన. అంటే సుమారు 20 మందిలో ఒకరికి మనసు మీద పనిచేస్తుంది. ఆ ఒక్కరు మీరే కావచ్చు, అందులో మీ తప్పు గానీ, మీ ధైర్యం చాలకపోవడం గానీ ఏమీ లేదు. ఇంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్‌కు మందులు వాడి ఉంటే, ఇంట్లో ఎవరికైనా ఉంటే అది కూడా డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్ళండి. ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పూట కూడా ఎత్తుతారు.

దాంతోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి. ఇన్నేళ్ళు పీరియడ్స్ ఎక్కువైనవాళ్ళకు రక్తం తక్కువ ఉండడం మామూలే, జుట్టు ఊడడానికి, నీరసానికి, దిగులుకు అది కూడా కారణం అవుతుంది. అన్నీ గోలీ మీద వేసి అసలు కారణాన్ని వదిలేయడం నేను వార్డులో చాలాసార్లు చూశాను.

ఇక స్పాటింగ్. ఈ మందు గర్భసంచి లోపలి పొరను పలచగా చేస్తుంది, ఆ పలచని పొర అక్కడక్కడా చిట్లుతుంది, అందుకే మరకలు. మామూలుగా మొదటి మూడు నెలల్లో ఎక్కువ ఉంటుంది, తర్వాత చాలామందికి తగ్గుతూ పోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. అది నెలసరి కాదు, లోపల చెడు రక్తం ఏదో పేరుకుపోవడం కూడా కాదు. ఇది మీ అత్తమ్మకు మీరు చెప్తే నమ్మకపోవచ్చు, ఈసారి ఆమెను కూడా తీసుకుపోయి డాక్టరమ్మ నోటితో చెప్పించండి. మా దగ్గర అది బాగా పనిచేస్తుంది.

గోలీ రోజూ ఒకే టైంకు పడుతోందా? ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి వేసుకున్నా, మధ్యలో మరిచిపోయినా మరకలు పెరుగుతాయి. వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. టీబీ మందు రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లాంటివి దీని బలాన్ని తగ్గిస్తాయి, అవి ఉంటే చెప్పాలి. ఇంకో మాట, బతుకమ్మ వస్తోందని, పెళ్ళి ఉందని, జాతర ఉందని మెడికల్ షాపులో పీరియడ్స్ వాయిదా గోలీ అడిగి తెచ్చుకోవడం మన దగ్గర ఇంటింటా అలవాటు. అది నారెథిస్టెరాన్, అది కూడా హార్మోనే. డైనోజెస్ట్ మీద అది కలిపి మింగొద్దు.

పిల్లల సంగతి వేరే అడగాలి, ఎందుకంటే అసలు లెక్క అక్కడే ఉంది. ఈ గోలీ జబ్బును అణిచి ఉంచుతుంది తప్ప తీసెయ్యదు, ఆపితే చాలామందికి నొప్పి తిరిగి వస్తుంది. వేసుకున్నన్నాళ్ళు గర్భం రావడం కష్టం, అట్లాగని గర్భం రాకుండా ఆపే మందుగా దీన్ని నమ్ముకోకూడదు, పిల్లలు వద్దనుకుంటే కండోమ్ వాడమనే చెప్తారు. కొన్నాళ్ళు వాడి ఆపితే గర్భం తొందరగా నిలుస్తుంది అన్నది కూడా నిజం కాదు. యూరప్‌లోని సంతాన వైద్యుల సంఘం ఎష్రే 2022లో ఇచ్చిన సూచనల్లో గర్భం అవకాశం పెంచడం కోసమని ఈ హార్మోన్ మందులు ఇవ్వొద్దని స్పష్టంగా రాశారు. జబ్బు నయం కావడం కోసమని గర్భం తెచ్చుకోమని చెప్పొద్దని కూడా అందులోనే ఉంది. కాబట్టి మీ అత్తమ్మ మాటలో సగమే సరి. ఇప్పుడే పిల్లలు కావాలంటే గోలీ ఆపడం సరైన ఆలోచనే, మామూలుగా ఆపిన రెండు నెలల్లోపు నెలసరి తిరిగి గాడిలో పడుతుంది. కానీ కాన్పైతే జబ్బు పోతుందన్న ఆశతో మాత్రం ఆపొద్దు.

మీకు, మీ ఆయనకు పిల్లలు ఇప్పుడే కావాలా, ఏడాది ఆగి కావాలా? ముందు ఇద్దరూ కూర్చుని అది తేల్చుకోండి. డాక్టరమ్మ ఏం రాసినా దాన్నిబట్టే రాయాలి.

గద్వాల అక్క:

నేను డైనోజెస్ట్ కూడా వాడాను, ల్యూప్రోలైడ్ కూడా వేయించుకున్నాను. రెండింటి మీదా నాకు చెప్పాల్సింది ఉంది, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు చెల్లె.

నాకు జబ్బు పేగు మీద దాకా పాకింది. పీరియడ్స్ టైంలో లెట్రిన్‌కు పోవాలంటే గోడ పట్టుకునేదాన్ని. ఆపరేషన్‌కు ముందు ఇంజెక్షన్ ఇచ్చారు, నెలకొకటి, 3.75 మిల్లీగ్రాములది. ఎవరూ ముందు చెప్పని సంగతి ఏంటంటే, మొదటి సూది వేసిన ఒకటి రెండు వారాలు నొప్పి పెరుగుతుంది. ఆ మందు ముందు హార్మోన్‌ను ఎగదోసి ఆ తర్వాత మూతపెడుతుందట. నాకు ఆ వారాల్లో ఇదేం మందురా దేవుడా అనిపించింది, తెలిసి ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు. తర్వాత నొప్పి నిజంగానే పోయింది, నా జీవితంలో అంత ప్రశాంతంగా తిండి తిన్నది అప్పుడే.

కానీ ఆవిర్లు. ఎండాకాలం గద్వాల సంగతి తెలుసు కదా, బయట ఎండ వేరు, ఇది వేరు, ఛాతీ నుంచి మెడ మీదుగా చెవుల దాకా మంట ఎక్కినట్టు వస్తుంది, కాసేపటికి ఒళ్ళంతా చెమట, ఆ వెంటనే చలి. రాత్రి తడి తువ్వాలు మెడ కింద పెట్టుకుని పడుకునేదాన్ని, అది ఆరిపోగానే మెలకువ వచ్చేది. నిద్ర లేక పగలంతా చిరాకు, పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకుంటే తిరిగి తెరవడానికి టైం పట్టేది. లోపల పొడిబారిపోయి కలయిక అంటే భయం, ఇది సిగ్గుపడి ఎవరూ అడగరు, నేను అడిగాను, దానికీ మందు ఉంది.

మీ వదిన చెప్పింది అబద్ధం కాదు. ఆ సూది శరీరాన్ని తాత్కాలికంగా ముట్లుడిగిన స్థితిలోకి తీసుకుపోతుంది, తోడు మందు లేకుండా సూది ఒక్కటే ఆరు నెలలు వాడితే వెన్ను ఎముకల సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుందని మందు కాగితంలోనే ఉంది. ఆపిన తర్వాత చాలావరకు తిరిగి వస్తుంది. కానీ మీ వదిన సగంలో ఆపేసింది, దానికి తోడుగా రోజూ చిన్న హార్మోన్ గోలీ ఇస్తారు, యాడ్ బ్యాక్ అంటారు, దాంతో ఎముకలు అంతగా దెబ్బతినవు, ఆవిర్లు కూడా తగ్గుతాయి, నొప్పి మాత్రం తిరిగి రాదు. మొదట నన్ను చూసిన చోట ఆ గోలీ రాయలేదు, ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే మొదటి ప్రశ్నే "యాడ్ బ్యాక్ ఏదీ?" అని అడిగారు. అది మొదలుపెట్టాక నిద్ర వచ్చింది. అందుకే ఇంజెక్షన్ అంటే ముందు ఈ మాట అడగండి: తోడు గోలీ ఎప్పటి నుంచి ఇస్తారు, మొత్తం ఎన్ని నెలలు వేస్తారు? తోడు గోలీ లేకుండా ఆరు నెలలు దాటించరు.

డైనోజెస్ట్‌నూ, ఈ ఇంజెక్షన్‌నూ పక్కపక్కన పెట్టి 24 వారాలు పరీక్షించి చూశారు, 2010లో ఫలితాలు వచ్చాయి, నొప్పి తగ్గించడంలో రెండూ సమానంగా నిలిచాయి, ఆవిర్లు మాత్రం గోలీ వాడినవాళ్ళలో బాగా తక్కువ. కాబట్టి ఇంజెక్షన్ అంటే ఇంకా గట్టి మందు, ఇంకా బాగా తగ్గిస్తుంది అనుకుని దానికి మారొద్దు. గోలీ మీ మనసును పాడుచేస్తోంది కాబట్టి మారాలంటే అది వేరే మాట, కానీ ఇంజెక్షన్ మీద కూడా కొందరికి దిగులు వస్తుంది, అదీ అడగండి.

నా మట్టుకు నాకు ఆ ఇంజెక్షన్ విలువైనదే, ఎందుకంటే ఆపరేషన్ దాకా నన్ను నిలబెట్టింది. నొప్పి గోలీతోనే తగ్గిన మనిషికి అది కావాలా అన్నది నాకు అనుమానమే.

మిర్యాలగూడ అమ్మ:

బిడ్డా, నాకు ఇప్పుడు 52. మా కాలంలో ఈ జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు, కడుపులో గడ్డ అన్నారు. ముప్పై ఏడో ఏట పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. ఇద్దరు పిల్లలు ఉన్నారు కదా ఇంకెందుకు అన్నారు, మా ఇంట్లోవాళ్ళు కూడా పీడ పోతుందని సంతకం పెట్టారు. నొప్పి పోయింది. కానీ పై అక్క రాసిన ఆవిర్లు నాకు తెల్లారి నుంచే మొదలైనయి, ఎవ్వరూ హార్మోన్ గోలీలు రాయలేదు, కాల్షియం కూడా ఎప్పుడో తర్వాత. బాత్రూంలో జారి చెయ్యి ఊనుకుంటే మణికట్టు విరిగింది, అప్పుడు తీసిన పరీక్షలో ఎముకలు డొల్లగా ఉన్నాయన్నారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, గోలీల సైడ్ ఎఫెక్ట్స్‌కు భయపడి "తీసేయించుకుంటే ఒక్కసారికి అయిపోతది" అనే మాట మన వైపు చాలా వింటాం. చిన్న వయసులో గర్భసంచి ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్ళ లెక్కలో మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలో పైన ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే వచ్చింది. మా పక్కింటామెకు గర్భసంచి ఒక్కటే తీశారు, జబ్బు ముక్కలు బయట అట్లే ఉండిపోయాయి, ఆమెకు ఇప్పటికీ నొప్పి ఉంది. సూది పడకపోతే ఆపితే సరిపోతుంది, కొన్నాళ్ళకు శరీరం తిరిగి వస్తుంది. కోసి తీసిన అండాశయం తిరిగి రాదు. నీకు ఇంకా పిల్లలు లేరు, ఎవరన్నా ఆ మాట ఎత్తితే లేచి వచ్చెయ్.

అత్తమ్మ బయట కూర్చోబెడుతుందని రాశావు, చదివి బాధైంది. నేనూ ఒక అత్తనే. కోడలు మందు వేసుకుంటుంటే వచ్చిన మరకకు పూజ గది మూయడం ఏ దేవుడూ అడగలేదు.

దేవరకొండ టీచరమ్మ:

అందరికీ దండం. సిస్టర్ రాసింది మా ఆయనకు చదివి వినిపించాను, అమ్మ రాసింది చదివి మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం, పిల్లలు ఇప్పుడే కావాలి, ఆగడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఈ మాట పైకి అనుకోవడానికే ఇన్నాళ్ళు పట్టింది.

ఇంకొన్ని అడగాలి. ఒకటి, మా పుట్టిల్లు మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, మా నాన్నకు నడుము వంగదు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. భగీరథ నీళ్ళు వచ్చింది నేను పెద్దయ్యాకే. అందుకే ఎముకలు అంటే నాకు అందరికంటే ఎక్కువ భయం. రెండు, డైనోజెస్ట్ కాకుండా మామూలు గర్భనిరోధక గోలీలు కూడా దీనికి ఇస్తారట, మా కొలీగ్‌కు అవే ఇచ్చారు, ఏ ఇబ్బందీ లేదట. నాకు పడతాయా? నాకు నెలకోసారి ఒకవైపు తలనొప్పి వస్తుంది, రాబోయే ముందు కళ్ళ ముందు వంకర వంకర మెరుపులు కనిపిస్తాయి. మూడు, నా రక్త పరీక్షలో సీఏ 125 అనే ప్రోటీన్ ఎక్కువ ఉందని రాశారు, మా వదిన గూగుల్‌లో చూసి క్యాన్సర్ అంది, అప్పటి నుంచి నిద్ర లేదు.

నల్లగొండ సిస్టర్:

మూడోది ముందు చెప్తాను, నిద్ర పోవాలి కదా. సీఏ 125 ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, పీరియడ్స్ టైంలో పెరుగుతుంది, ఇంకా చాలా వాటిలో పెరుగుతుంది. మీ వయసులో, చాక్లెట్ సిస్ట్ ఉన్న మనిషిలో ఆ ఒక్క అంకె చూసి క్యాన్సర్ అని ఎవరూ అనరు. సిస్ట్ ఎలా ఉందన్నది స్కానింగ్, ఎమ్మారై చెప్తాయి, అవి చూసే మీ డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అన్నారు. ఆ కాగితం ఆమెకు చూపించి ఒక్క మాట అడిగేయండి, గూగుల్ మూసేయండి.

మెరుపుల సంగతి చాలా ముఖ్యం, ఇది ఇక్కడ రాశారు కాబట్టి తెలిసింది, డాక్టరుకు చెప్పారా? అలా మెరుపులు కనిపించి వచ్చే తలనొప్పిని ఆరా ఉన్న మైగ్రేన్ అంటారు. ఆ మనిషికి ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక గోలీలు ఇవ్వకూడదు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు, ఇంతకుముందు కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళకు కూడా అంతే. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకు ఆ ప్రమాదం చిన్నదే, గోలీలు వాడని 10,000 మందిలో ఏడాదికి ఇద్దరికి రక్తం గడ్డకడితే వాడేవాళ్ళలో గోలీ రకాన్ని బట్టి 5 నుంచి 12 మందికి. మీ కొలీగ్‌కు పడింది మీకు పడాలని లేదు. డైనోజెస్ట్ ఒక్కటే ఉన్న గోలీలో ఈస్ట్రోజెన్ ఉండదు, అది వేరే లెక్క. గర్భనిరోధక గోలీలు వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు బలం పోయినా, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోండి.

ఎముకలు. మీ భయం అర్థమైంది, మర్రిగూడ నుంచి వచ్చిన నాన్నలను, తాతలను నేను చూశాను. ఇంజెక్షన్ మాట వస్తే ఆ డాక్టరుకు మీరు ఏ ఊళ్ళో పెరిగారో చెప్పండి, ఎందుకంటే ఫ్లోరైడ్ ఎముకను పైకి గట్టిగా, చిక్కగా చూపిస్తుంది, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నంబరు బాగానే కనిపించవచ్చు, కానీ ఆ చిక్కదనం బలం కాదు. హైదరాబాద్‌లో ఉన్న డాక్టరుకు మీ ఊరి నీళ్ళ సంగతి గుర్తు రాకపోవచ్చు. విటమిన్ డి చూపించుకోండి, తైదలు, పాలు, పెరుగు రోజూ ఉండాలి, పొద్దున ఎండలో నడవాలి. అయినా పిల్లలు ఇప్పుడే కావాలని తేల్చుకున్నారు కాబట్టి ఇంజెక్షన్ సంగతి ప్రస్తుతానికి పక్కకు పోయినట్టే, ఐవీఎఫ్ దాకా పోతే అప్పుడు మళ్ళీ చూసుకోవచ్చు.

జడ్చర్ల నుంచి ఒక భర్త:

మగవాడిని, రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. నా భార్యకు ఇదే జబ్బు. మాకు ఒక పాప పుట్టిన తర్వాత లోపల పెట్టే హార్మోన్ లూప్ పెట్టారు, 52 మిల్లీగ్రాముల లెవోనోర్జెస్ట్రెల్ ఉంటుంది అందులో, ఐదేళ్ళు పనిచేస్తుంది. మందు ఎక్కువగా గర్భసంచిలోనే ఉండిపోతుంది, రక్తంలోకి తక్కువ పోతుంది, ఆమెకు గోలీల మీద వచ్చిన దిగులు దీని మీద రాలేదు. మొదట్లో కొన్ని నెలలు స్పాటింగ్ గట్టిగానే ఉంది, తర్వాత పీరియడ్స్ దాదాపు ఆగిపోయాయి. ఓవరీలో అండం విడుదలను ఇది మామూలుగా ఆపదు కాబట్టి చాక్లెట్ సిస్ట్ మీద కన్నేసి ఉంచాలని మా డాక్టర్ స్కానింగ్‌లు తీయిస్తున్నారు. మీకు ఇప్పుడు పిల్లలు కావాలి కాబట్టి ఇది ఇప్పుడు కాదు, కాన్పు తర్వాత నొప్పి మళ్ళీ వస్తే గుర్తుపెట్టుకోండి.

మీ ఆయనకు ఒక మాట. తమ్ముడూ, "నీకెలా అనిపిస్తే అలా చెయ్" అనడం నీకు ప్రేమగానే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించేది. మా ఆవిడకు మాత్రం అది ఒంటరిగా వదిలేసినట్టు ఉండేదట. డాక్టర్ రూంలోకి నువ్వు కూడా పో, బయట కుర్చీలో ఫోన్ చూస్తూ కూర్చోకు. నీ టెస్టు కూడా నువ్వు చేయించుకో, పిల్లలు ఆలస్యమైతే సగం ఇళ్ళల్లో ఆడమనిషికి అన్ని టెస్టులు అయ్యాక గానీ మగవాడి శాంపిల్ ఇవ్వరు. మీ అమ్మతో మాట్లాడాల్సింది కూడా నువ్వే, ఆమె కాదు.

గద్వాల అక్క:

ఆ చివరి మాట వందసార్లు నిజం.

చెల్లె, గోలీ ఆపితే నొప్పి తిరిగి రావచ్చు, దానికి సిద్ధంగా ఉండు. పిల్లల కోసం ప్రయత్నించే నెలల్లో ఏ నొప్పి గోలీ వేసుకోవచ్చో, నెలలో ఏ రోజుల్లో వేసుకోకూడదో ముందే రాయించుకో. మెఫ్టాల్ లాంటివి అలవాటుగా, ఖాళీ కడుపున మింగకు. సిస్ట్ తీసేద్దాం అని ఆపరేషన్ మాట వస్తే ముందు అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ టెస్టు చేయించమను. సిస్ట్‌తో పాటు మంచి అండాల నిల్వ కూడా కొంత పోతుంది, అది ఎంత ఉందో తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు. ఎన్ని నెలలు మామూలుగా ప్రయత్నించాలి, రాకపోతే ఆ తర్వాత ఏంటి, అది కూడా అడుగు. మా దగ్గర ఆ గడువు ఎవరూ పెట్టలేదు, అట్లే ఏళ్ళు గడిచాయి.

ఇంకోటి, ఇదేదో నీ ఒక్కదానికే వచ్చిన శాపం అనుకోకు. పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. మీ స్టాఫ్ రూంలోనే ఇంకొకరు ఉండొచ్చు, చెప్పుకోక కడుపు పట్టుకుని కూర్చుంటారు.

దేవరకొండ టీచరమ్మ:

శనివారం హైదరాబాద్ పోతున్నాం, మా ఆయన సెలవు పెట్టాడు. అత్తమ్మను కూడా తీసుకుపోతున్నాం, ఆయనే అడిగాడు, ఆమె ఏమీ అనలేదు, సరే అంది. చివరగా ఒకటి, శనివారం దాకా గోలీ వేసుకోవాలా, ఆపేయాలా? ఒకేసారి ఆపితే ఏమైనా అవుతుందా, మెల్లగా తగ్గించాలా?

నల్లగొండ సిస్టర్:

మెల్లగా తగ్గించుకుంటూ పోవాల్సిన మందు కాదు ఇది, ఆపితే ఒకేసారి ఆపుతారు, కొన్ని రోజుల్లో బ్లీడింగ్ రావచ్చు, భయపడొద్దు. కానీ ఆపమని నేను చెప్పను, శనివారం దాకా ఆగకుండా రేపు పొద్దున డాక్టరమ్మ క్లినిక్‌కు ఫోన్ చేసి రెండే మాటలు చెప్పండి: గోలీ మీద మనసు కుంగుతోంది, తలనొప్పికి ముందు మెరుపులు వస్తున్నాయి. ఈ రెండూ వింటే వేసుకోమనాలో వద్దనాలో ఆమె ఫోన్లోనే చెప్తారు. పిల్లల కోసం ప్రయత్నిస్తాం అని కూడా చెప్పండి, ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టమంటారు. స్కానింగ్, ఎమ్మారై సీడీ, పాత ప్రిస్క్రిప్షన్లు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి, ఎమ్మారైకి కాగితం ఒక్కటే తీసుకుపోతే ఫిల్మ్ ఏది అంటారు. కిడ్నీల వైపు కూడా స్కానింగ్‌లో చూశారా అని అడగండి, ఈ జబ్బు మూత్రనాళం మీద ఉంటే నొప్పి లేకుండానే కిడ్నీ ఉబ్బుతుంది.